వసారాలో విప్పిన క్లచ్

మా వైపు బండి అంటే మోటారుసైకిలే. ఎడ్లబండి మైదానంలో తిరిగేది, మా కొండల్లో దానికి దారి లేదు. నిన్నమొన్నటి దాకా కావిడి మోసిన మనుషులే ఇప్పుడు హ్యాండిల్ పట్టుకున్నారు. కాఫీ గింజల బస్తా, మిరియాల మూట, పసుపు, చింతపండు, అడ్డాకుల కట్టలు సంతకి చేరేది బండి మీదే. రేషను బియ్యం, గ్యాసు సిలిండరు, సిమెంటు బస్తా ఊరికి ఎక్కేదీ బండి మీదే. జ్వరం వచ్చిన బిడ్డని తల్లి ఒడిలో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి పోయేదీ దాని మీదే. రోడ్డు లేని ఊళ్లలో డోలీ కట్టి గర్భిణిని గెడ్డ దాటించాక, అవతలి ఒడ్డున ఎదురు చూసేది చాలాసార్లు ఎవరో ఒకరి బండే. 2018లో ప్రభుత్వం ఏజెన్సీకి ఫీడర్ అంబులెన్సులు పంపినప్పుడు అవి కూడా పడక తగిలించిన మోటారుసైకిళ్లే. పెద్ద వాహనం ఎక్కలేని చోటికి ఎక్కేది ఇదొక్కటే అని వాళ్లకీ తెలిసింది.

బడికీ ఇదే ఆధారం. మాలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలల్లో పంతులు ఒక్కరే. ఆ ఒక్క మనిషి ఉన్న ఊరికీ బడి ఉన్న ఊరికీ మధ్య కొండ ఉంటుంది. వానాకాలంలో బస్సు రాదు, జీపు నిండితే గానీ కదలదు. బండి ఆగిందంటే ఆ రోజు బడి ఆగినట్టే. పిల్లలు తొమ్మిదింటికి వచ్చి వసారాలో కూర్చుని, పదిన్నరకి లేచి పశువుల వెంట పోతారు. అలా రెండు రోజులు జరిగితే మూడో రోజు ఇళ్లకి వెళ్లి మళ్లీ పిలుచుకు రావాలి.

ఈ ఘాట్ రోడ్లు మాకు ఊరికే రాలేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేసినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మా పెద్దల చేత ఎలా చాకిరీ చేయించాడో, కూలి ఎలా ఎగ్గొట్టాడో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కడుపుమంట కూడా కలిసే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజుతో పాటు మావాళ్లు నడిచారు. ఆ రోడ్డు వేసినవాళ్ల మునిమనవలం ఈ ఘాట్లలో బండ్లు నడుపుతున్నాం. రోడ్డు మా చేతుల మీదుగా వచ్చింది, బండి మాత్రం బజారు నుంచి వచ్చింది. కొనడం, నడపడం త్వరగానే నేర్చుకున్నాం. లోపల ఏముందో చూడటం మాత్రం ఎవరో ఒకరికి వదిలేశాం. ఈ వ్యాసం ఆ లోపలి సంగతి గురించి.

ఘాట్‌లో అన్నిటికంటే ముందు అరిగేది క్లచ్. అది ఎందుకో అర్థం కావాలంటే మీ రెండు అరచేతులు చాలు. ఎదురెదురుగా పెట్టి గట్టిగా నొక్కండి. కుడిచేతిని తిప్పితే ఎడమచేయి కూడా దానితో పాటు తిరుగుతుంది. నొక్కుడు కాస్త వదలండి. కుడిచేయి జారుతూ తిరుగుతుంది, రెండు అరచేతులూ వేడెక్కుతాయి. పూర్తిగా విడదీస్తే దేని దారి దానిదే. క్లచ్‌లో జరిగేది ఇంతే. అరచేతుల బదులు ప్లేట్లు ఉంటాయి, నొక్కే బలం బదులు స్ప్రింగులు ఉంటాయి.

మా బండిలో రాపిడి ప్లేట్లు నాలుగు, వాటి మధ్య ఉక్కు ప్లేట్లు మూడు. రాపిడి ప్లేట్లకి బయటి అంచున పళ్లుంటాయి. అవి బుట్టలాంటి గిన్నె గాడుల్లో కూర్చుంటాయి. ఆ బుట్టని ఇంజను తిప్పుతుంది. ఉక్కు ప్లేట్లకి లోపలి అంచున పళ్లుంటాయి. అవి మధ్యలోని హబ్బుని పట్టుకుంటాయి. ఆ హబ్బు గేర్లని తిప్పుతుంది. స్ప్రింగులు మొత్తం దొంతరని అదిమి ఉంచితే ఇంజను బలం చక్రానికి పోతుంది. ఎడమచేతి లీవరు నొక్కితే ఆ అదుము లేచిపోయి ఇంజను దారి ఇంజనుది, చక్రం దారి చక్రానిది అవుతుంది. నాలుగు ప్లేట్లంటే రాసుకునే ముఖాలు ఎనిమిది. అరచేతి వెడల్పు చోటులో అంత పట్టు దొరకడానికి కారణం ఆ దొంతరే. ఇవన్నీ ఇంజను ఆయిలులోనే మునిగి తిరుగుతాయి, వేడిని ఆ ఆయిలే మోసుకుపోతుంది.

మైదానంలో క్లచ్ జారేది బండి కదిలేటప్పుడు ఒక్క నిమిషమే. ఘాట్ సంగతి వేరు. వెనక ఇద్దరు, ముందు బస్తా, ఎదురుగా గుర్రపు లాడం లాంటి మలుపు, మలుపులో కిందకి దిగుతున్న లారీ. ఆ చోట ఎవరైనా లీవరు సగం నొక్కి పట్టుకోవాల్సిందే. ఆ సగం నొక్కుడులోనే ప్లేట్లు జారుతూ రాసుకుంటాయి. ఒక ఘాట్ ఎక్కేలోపు అలాంటి మలుపులు ఎన్ని ఉంటాయో మీలో ఆ దారిన పోయేవాళ్లకి చెప్పక్కర్లేదు.

వేసవి సెలవుల చివర్లో మా బండి చెప్పడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది, బండి మాత్రం పాకుతోంది. యాక్సిలరేటరు తిప్పినకొద్దీ శబ్దం పెరుగుతోంది తప్ప వేగం పెరగడం లేదు. పైకి చేరాక కాలిన వాసన. బడి తెరవడానికి పది రోజులే ఉంది. మెకానిక్ దుకాణం ఉన్న మండల కేంద్రం 22 కిలోమీటర్ల దూరం. ఎక్కలేని బండిని అక్కడికి చేర్చాలంటే జీపు మాట్లాడాలి. దించాక పని పూర్తయ్యేసరికి రెండు రోజులు. మళ్లీ పోయి తెచ్చుకోవాలి. మెకానిక్ తీసుకునే కూలి కంటే ఈ రాకపోకలకే ఎక్కువ అవుతుంది. అందుకని ఇంటి దగ్గరే విప్పుదామనుకున్నాం.

మేము అంటే నలుగురం. మాలో ఒకరు బడి పంతులు, బండి ఆ పంతులిదే. ఒకడు పదో తరగతి లెక్కల్లో తప్పి, నర్సీపట్నంలో ఒక దుకాణంలో ఏడాది పాటు పానాలు అందించి తిరిగొచ్చినవాడు. ఒకడు డిగ్రీ, డీఎడ్ పూర్తి చేసి డీఎస్సీ కోసం చదువుతున్నవాడు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పంతుళ్ల ఉద్యోగాలు ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసిన దగ్గర్నుంచి అతని మొహంలో నవ్వు తగ్గింది. నాలుగో మనిషి ఇంటర్ ఎంపీసీ చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన మా అన్న కూతురు. "చిన్నాన్నా, మీరు విప్పండి, నేను రాసుకుంటాను," అంటూ నోటుబుక్కు పట్టుకుని కూర్చుంది. సాయంత్రానికి ఆమె చేతులు కూడా మాలాగే నల్లబడ్డాయి.

బండి సర్వీసు పుస్తకం సెల్‌ఫోనులో దించుకున్నాం. అది ఇంగ్లీషులో ఉంది. చదివేవాళ్లు ఇద్దరున్నారు గానీ, వాళ్లు ఏనాడూ ఒక బోల్టు విప్పినవాళ్లు కారు. విప్పడం తెలిసినవాడికి ఆ పుస్తకం అందలేదు. రెండు వైపులూ ఒక వసారాలో కూర్చుంటే గానీ పని మొదలు కాలేదు.

ఏదీ విప్పకముందే చూడాల్సింది క్లచ్ కేబులు. లీవరు కొసని వేలితో కదిపితే పట్టు మొదలయ్యే ముందు 10 నుంచి 20 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. ఆ వదులు అసలే లేకపోతే, ఎవరూ నొక్కకుండానే క్లచ్ కాస్త లేచి ఉన్నట్టు. కొత్త ప్లేట్లయినా జారుతాయి. వదులు మరీ ఎక్కువైతే లీవరు పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడిపోవు, గేరు వేసేటప్పుడు బండి ముందుకి గుంజుతుంది. చాలా బండ్లకి ఈ సర్దుబాటు చేస్తే చాలు, విప్పే పని ఉండదు. రెండోది ఆయిలు. కార్లకి పోసే కొన్ని ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు. అవి ఆయిలులో మునిగే క్లచ్‌కి పనికిరావు. డబ్బా మీద జాసో ఎంఏ అనే గుర్తు, బండి పుస్తకంలో రాసిన గ్రేడు రెండూ చూసుకోవాలి. మా బండికి వదులు సరిగానే ఉంది, ఆయిలూ సరైనదే. కాబట్టి అరిగినది లోపలే.

ఇంజను కాస్త వేడిగా ఉన్నప్పుడే ఆయిలు దించాం. వేడి మీద అది నీళ్లలా జారుతుంది, అడుగున ఉన్న మడ్డిని కూడా తీసుకుపోతుంది. దాదాపు లీటరు వచ్చింది. దాన్ని మూత ఉన్న డబ్బాలో పోసి, తర్వాత కిందకి దిగినప్పుడు పాత ఆయిలు కొనే దుకాణంలో ఇచ్చాం. గెడ్డ ఒడ్డున బండ్లు కడిగి, అక్కడే నల్ల ఆయిలు పారబోసే అలవాటు మా ఊళ్లలోనూ మొదలైంది. ఆ గెడ్డ నీళ్లే కింది ఊరివాళ్లు తాగుతారు.

క్లచ్ ఇంజనుకి కుడివైపు మూత కింద ఉంటుంది. ముందు కిక్ రాడ్డు, ఫుట్‌రెస్టు తీశాం. ఇక మూత బోల్టులు. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ కొన్ని పొడవు, కొన్ని పొట్టి. పొడవు బోల్టు పొట్టి చోట బిగిస్తే అల్యూమినియం మర పోతుంది. దానికి నర్సీపట్నంలో పనిచేసిన కుర్రాడు ఒక ఉపాయం చెప్పాడు. అట్టపెట్టె ముక్క మీద మూత ఆకారం గీసి, బోల్టు ఉన్న చోటల్లా చిల్లు పెట్టి, తీసిన బోల్టుని తీసినట్టే ఆ చిల్లులో గుచ్చాడు. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డైట్‌లో మాకు బోధనోపకరణాలు చేయించినప్పుడు ఇంత తేలికైనది, ఇంత పనికొచ్చేది ఎవరూ చేయలేదు.

మూతని చెక్క సుత్తితో మెల్లగా చుట్టూ తట్టాం. మధ్యలో స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలిస్తే అంచు గీరుకుపోయి ఆ తర్వాత ఎప్పటికీ ఆయిలు కారుతుంది. మూత ఊడాక మధ్యలో కాగితంలాంటి ప్యాకింగ్ చిరిగింది. అది ఎలాగూ కొత్తది వేయాల్సిందే. తర్వాత నాలుగు స్ప్రింగుల బోల్టులు. వీటిని ఒక్కొక్కటే పూర్తిగా తీయకూడదు. ఎదురెదురు బోల్టుల్ని కొంచెం కొంచెంగా వదులు చేస్తూ రావాలి. నులక మంచం అల్లేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఒకవైపే లాగితే రెండోవైపు వంకరపోతుంది. మా బండిలో హబ్బుని పట్టుకున్నది ఒక సర్‌క్లిప్పు. కొన్ని బండ్లలో దాని బదులు నాలుగు గాడుల నట్టు ఉంటుంది. దానికి ప్రత్యేకమైన పానా కావాలి. ఉలి పెట్టి కొట్టే పని కాదు. ఆ పానా లేకపోతే అరువు తెచ్చుకోవడం మంచిది.

ప్లేట్లు ఒక్కొక్కటీ తీసి, తీసిన వరసలోనే పాత దినపత్రిక మీద పరిచాం. ఇక్కడి నుంచి పని చూడటం, కొలవడం. మా అన్న కూతురు ఆశ్రమ ఉన్నత పాఠశాల నుంచి వెర్నియర్ కాలిపర్స్ తెచ్చింది. ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో గోళీల వ్యాసం కొలిచిన పరికరం. మా బండి పుస్తకం ప్రకారం కొత్త రాపిడి ప్లేటు మందం 3 మిల్లీమీటర్ల దగ్గర. 2.6కి వస్తే మార్చాలి. మావి 2.5 ఉన్నాయి. ఒక ప్లేటుకి అర మిల్లీమీటరు అంటే ఎవరి కంటికీ ఆనదు. నాలుగు కలిపితే 2 మిల్లీమీటర్లు, సుమారు బియ్యపు గింజ మందం. దొంతర అంత మేర పలచబడేసరికి స్ప్రింగుల అదుము సడలింది. ఒక బియ్యపు గింజ మందం అరిగితే 22 కిలోమీటర్ల అవతల ఆగిపోవాల్సి వస్తుందని ఆ రోజు లెక్క వేసి చూసుకున్నాం.

ఉక్కు ప్లేట్లు అరగవు, వంకర పోతాయి. అది చూడటానికి గోడ అద్దం దించి నేల మీద పరిచి, ప్లేటుని దాని మీద పెట్టాం. గడ్డం గీసుకునే రెండంచుల బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు. రెండు బ్లేడులు కలిపి పట్టుకుని ప్లేటుకీ అద్దానికీ మధ్య దూర్చి చూశాం. పుస్తకం ఇచ్చిన హద్దు 0.2. రెండు బ్లేడులు కలిపి దూరాయంటే ఆ ప్లేటు హద్దు దాటినట్టే. మా మూడింట్లో ఒకటి అలా దొరికింది. పైగా దాని మీద అక్కడక్కడ నీలం మచ్చలు.

ఆ మచ్చల దగ్గర అందరం ఆగిపోయాం. ఆయిలు మరకేమోనని కిరోసిన్‌తో తుడిస్తే పోలేదు. అటుగా వచ్చిన మా కమ్మరి తాత ప్లేటు చేతిలోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూశాడు. మా కొండల్లో ఇనుము పని చేసేవాళ్లూ ఆదివాసులే, కమ్మర తెగ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉంది. ఆయన ఏనాడూ బండి నడపలేదు.

"ఇది కాలింది బాబూ," అన్నాడు.

"ఆయిలులో ఉండేది తాతా, ఎలా కాలుతుంది?"

"ఎలా కాలిందో మీరు చెప్పాలి. కాలిందని ఇది చెప్తోంది. కత్తిని నీళ్లలో ముంచి, మళ్లీ సెగ చూపిస్తాం కదా. ముందు ఎండుగడ్డి రంగు వస్తుంది. తర్వాత గోధుమ, ఊదా. ఆఖర్న నీలం. నీలం వచ్చేదాకా ఉంచితే అంచు నిలవదు. ఇది నీలం దాకా పోయింది."

తర్వాత మేం పుస్తకాలు తిరగేశాం. మెరుగుపెట్టిన ఉక్కుని వేడిచేస్తే దాదాపు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర లేత పసుపు రంగు, 300 దగ్గర నీలం రంగు తేలుతాయి. పైన ఏర్పడే పలచని ఆక్సైడు పొర ఆ రంగులకి కారణం. అంటే ఘాట్ మలుపుల్లో జారుతూ జారుతూ ఆ ప్లేటు కొన్నిచోట్ల 300 డిగ్రీల దాకా వేడెక్కింది. అది తేల్చడానికి ఎవరి దగ్గరా థర్మామీటరు లేదు. కొలిమి ముందు కూర్చున్న కళ్లు తేల్చాయి. మేం డిగ్రీల్లో చెప్పింది ఆయన రంగుల్లో చెప్పాడు, ముందుగా చెప్పింది కూడా ఆయనే.

స్ప్రింగులు నాలుగూ పక్కపక్కన నిలబెడితే ఒకటి కాస్త పొట్టిగా ఉంది. స్ప్రింగుల్ని విడిగా ఒకటి మార్చకూడదు, నాలుగూ మార్చాలి. బుట్ట గాడుల్లో ప్లేటు పళ్లు కొట్టిన చిన్న చిన్న గంట్లు పడ్డాయి. గంట్లుంటే ప్లేట్లు సాఫీగా జరగవు, క్లచ్ సరిగా విడవదు. తేలికపాటి గంట్లు కాబట్టి తాత ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది సాపు చేశాడు. లోతుగా పడితే బుట్టే మార్చుకోవాలి. రుద్దిన పొడి ఒక్క రవ్వ లోపల మిగలకుండా కిరోసిన్‌తో కడిగి, బట్టతో తుడిచాం.

మర్నాడు బస్సులో పాడేరు పోయి రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు, స్ప్రింగులు, ప్యాకింగ్, ఆయిలు తెచ్చాం. కొత్త రాపిడి ప్లేట్లని పొడిగా బిగించకూడదు. మొదటిసారి పట్టుకున్నప్పుడే కాలిపోతాయి. వెడల్పాటి గిన్నెలో కొత్త ఆయిలు పోసి రాత్రంతా నానబెట్టాం. "పప్పు నానబెట్టినట్టు నానబెట్టారు, పొద్దున రుబ్బాలా?" అని ఇంట్లో ఆడవాళ్లు నవ్వారు.

బిగించేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. స్ప్రింగు బోల్టులు చిన్నవి. తక్కువ బిగిస్తే ఊడతాయి, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. మా బండి పుస్తకంలో 12 న్యూటన్ మీటర్లు అని ఉంది. దుకాణాల్లో దానికి టార్క్ పానా ఉంటుంది, మా దగ్గర లేదు. అప్పుడు మా అన్న కూతురు నోటుబుక్కులో లెక్క వేసింది. పానా పొడవు 12 సెంటీమీటర్లు, అంటే 0.12 మీటరు. 12ని 0.12తో భాగిస్తే 100 న్యూటన్లు. అది సుమారు 10 కిలోల బరువు. మిరియాలు తూచే స్ప్రింగు కాటా కొక్కెం పానా కొసకి తగిలించి, పానాకి నిటారుగా పక్కకి లాగి, ముల్లు 10 దగ్గరికి రాగానే ఆపాం. నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, మూడు విడతల్లో.

లెక్కల్లో తప్పిన కుర్రాడు కాటా పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పొడుగు పానాతో బిగిస్తే బోల్టు తెగేది ఇందుకా?" అన్నాడు. దుకాణంలో ఏడాదిపాటు చూసినదానికి అతనికి అప్పుడు కారణం దొరికింది. పానా రెట్టింపు పొడవుంటే కాటా ఎంత చూపించాలని అడిగాం. ఐదు అని వెంటనే చెప్పాడు. అది విలోమానుపాతం. పదో తరగతి పరీక్షలో ఆ మాట చూసి అతను కాగితం వదిలేసి వచ్చి ఉంటాడు. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పేరు రాయించుకున్నాడు.

మూత వేసి, ఆయిలు పోసి, కేబులు వదులు సరిచేసి, ముందు స్టాండు మీదే గేర్లు మార్చి చూశాం. తర్వాత ఇద్దరం ఎక్కి ఊరి వెనక ఎత్తులో రెండో గేరులో నడిపాం. ఇంజను శబ్దం ఎంత పెరిగిందో వేగం అంత పెరిగింది. కొత్త ప్లేట్లు సర్దుకునేదాకా వదులు మారుతుంది కాబట్టి వారం తర్వాత మళ్లీ ఒకసారి కేబులు చూసుకున్నాం. బడి తెరిచిన రోజు తొమ్మిదికి ముందే పంతులు బడి దగ్గర ఉన్నారు.

పాత ప్లేట్లు పారేయలేదు, బడికి వెళ్లాయి. మా పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. బడిలో పాఠం తెలుగు. 2004లో మొదలైన మాతృభాషా విద్య కార్యక్రమంలో మా భాషకీ వాచకాలు వచ్చాయి గానీ, పై తరగతులకి పోయేసరికి ఘర్షణ, ఉపరితలం, యానకం లాంటి మాటలన్నీ పిల్లల మీద ఒక్కసారిగా పడతాయి. తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకీ అవి కొత్తే, మా పిల్లకి రెండింతలు కొత్త. క్లచ్ దగ్గర ఆ తేడా ఉండదు. క్లచ్, ప్లేటు, స్ప్రింగు, కేబులు అనే మాటలు పాడేరులోనూ, విశాఖపట్నంలోనూ, మా ఇంట్లోనూ ఒకటే. వాటిని పట్టుకుని మా పిల్లలు మా భాషలోనే ఎందుకు, ఎలా అని అడగగలిగారు. అరచేతులు రుద్ది చూశారు. ఆయిలు రాసి రుద్ది చూశారు. కొత్త ప్లేటునీ పాత ప్లేటునీ వేళ్ల మధ్య పట్టి తేడా చెప్పారు. ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠం చెప్పే ముందు ఆశ్రమ పాఠశాల సైన్సు టీచరు వచ్చి ఆ ప్లేట్లు అరువు తీసుకెళ్లారు.

1937లో వార్ధాలో గాంధీ ప్రతిపాదించిన నయీ తాలీం గురించి మాకు శిక్షణలో పాఠం ఉండేది. చేతిపని చుట్టూ చదువు అల్లాలని అందులో సారాంశం. పరీక్షకి రాశాం, మార్కులు వచ్చాయి. చేతిపని అంటే రాట్నం, తోటపని అనుకుని ఊరుకున్నాం. మన పిల్లల చేతుల్లో ఇప్పుడున్న పని బండి. చదువు రాదని మనం వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్లవాడు శబ్దం విని ఏ భాగం పోయిందో చెప్తున్నాడు. విని, చూసి, తడిమి, కారణం ఊహించి, విప్పి సరిచూడటం సైన్సు కాకపోతే మరేది సైన్సో తోటి ఉపాధ్యాయులు ఆలోచించాలి.

చదువుకున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఉద్యోగం కోసం చదవడం మానొద్దు, జీవో 3 లాంటి హక్కు కోసం అడగడమూ మానొద్దు. అందాకా చేతికి మసి అంటితే చదువు చిన్నబోతుందని అనుకోవద్దు. మాలో డీఎస్సీకి చదివే కుర్రాడు సర్వీసు పుస్తకంలోని ముఖ్యమైన కొలతలు తెలుగులో ఒక పెద్ద కాగితం మీద రాశాడు. ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుపోతున్నారు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అన్నీ ఇంటి దగ్గర చేయొద్దు. క్లచ్ సరిగా లేకపోతే బండి ఎక్కదు, అంతే. బ్రేకు సరిగా లేకపోతే మనిషి దక్కడు. పని పూర్తిగా తెలిసినవాడు పక్కన లేకుండా బ్రేకులు విప్పకండి.

మేం నలుగురం తలా కొంత వేసుకుని, ఊరివాళ్ల దగ్గర ఇంకొంత పోగుచేసి ఒక పానాల పెట్టె కొన్నాం. రింగు పానాలు, టీ పానాలు, సర్‌క్లిప్ ప్లేయర్, ఆకురాయి, చెక్క సుత్తి, నాలుగు గాడుల నట్టుకి ప్రత్యేక పానా, ఒక వెర్నియర్. పెట్టె బడి వసారాలో ఉంటుంది. ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చారో రాసే పుస్తకం మొదట మా అన్న కూతురు పెట్టింది. ఆమె కాలేజీకి వెళ్లాక ఐదో తరగతి పిల్లలు రాస్తున్నారు. పోయిన నెల వరకు అందులో పదకొండు పేర్లున్నాయి. పానా ఇచ్చే ముందు పిల్లలు ఒక ప్రశ్న అడుగుతారు, ఏం పని చేయబోతున్నారని. జవాబు రాసుకున్నాకే పెట్టె తీస్తారు.